చెక్ ఇంజిన్ లైటు వెలిగిందంటే జేబుకు చిల్లే

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో వచ్చే కార్ల పేజీ వదలకుండా చదువుతాను. కొత్త మోడల్ వచ్చిందంటే సన్‌రూఫ్ ఉందా లేదా, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి, లీటరుకు ఎంత ఇస్తుంది, స్క్రీన్ ఎన్ని అంగుళాలు అని అన్నీ రాస్తారు. బాగానే ఉంటుంది. కానీ అదే కారు కొన్న మూడు నాలుగేళ్ళకు, మీటర్లో ఇంజిన్ బొమ్మతో ఒక పసుపు లైటు వెలిగి, ఇక ఆరేది లేదని భీష్మించుకుని కూర్చుంటే ఆ కారున్నవాడు ఎవరి మాట నమ్మాలో, ఎంత డబ్బు వదిలించుకోవాలో మాత్రం ఎవరూ రాయరు. అందుకని నేనే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, జాగా చాలకపోతే కత్తిరించుకోండి, కానీ పి0135 (లైటు వెలిగినప్పుడు బండి కంప్యూటరు రాసుకునే లోపం కోడ్) సంగతి మాత్రం తీసేయకండి.

మాది పెట్రోలు బండి, బీఎస్-6 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన హద్దుల్లో ఆరోది), వారంటీ అయిపోయింది. ఊరు తెనాలి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎవరికో భయపడి కాదు, ఈ రోగం ఒక్క కంపెనీది కాదు గనక. మా వీధిలో మూడు రకాల కంపెనీల కార్లున్నాయి, ఎవరిని కదిపినా ఇదే గోడు.

వానలు మొదలైన కొత్తలో లైటు వెలిగింది. బండి నడకలో తేడా ఏమీ లేదు, పికప్ బాగానే ఉంది, మైలేజీ కాస్త తగ్గినట్టుంది. గుంటూరులో కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకెళ్ళాను. ఒక కుర్రాడు వచ్చి స్టీరింగ్ కింద ప్లగ్గు పెట్టి, చేతిలో ట్యాబ్ చూసి, నేను ఏసీ రూములో కాఫీ కప్పు అందుకునే లోపే తిరిగొచ్చి "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చాలి" అన్నాడు. సైలెన్సర్లోకి వెళ్ళే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి బండి కంప్యూటరుకు చెప్పే భాగం అది. బానెట్ ఎత్తలేదు. కారు కిందకి తొంగి చూడలేదు. సెన్సారు, లేబరు, జీఎస్టీ కలిపి ఏడు వేల పైచిలుకు. సరే, కంపెనీ వాళ్ళు కదా, మిషను చెప్పింది కదా అని ఒప్పుకున్నాను. మార్చారు, లైటు ఆరింది, బిల్లు కట్టాను, పాత సెన్సారు అడిగి తెచ్చుకున్నాను. వారం తిరక్కుండానే లైటు మళ్ళీ వెలిగింది.

మళ్ళీ వెళ్తే ఈసారి "పెట్రోలు ఎక్కడ కొట్టిస్తున్నారు సార్?" అని మొదలుపెట్టారు. ఈ మధ్య సర్వీస్ సెంటర్లలో ఇదో ఊతపదం అయిపోయింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఏ తప్పైనా బంకు మీద తోసేయడం తేలిక. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, దానికి తగ్గట్టు కంప్యూటరు ఇంధనం కాస్త ఎక్కువ పోస్తుంది, ఆ సర్దుబాటు హద్దు దాటితే కూడా లైటు వెలగొచ్చు, అది నిజమే. కానీ దానికి వచ్చే కోడ్ వేరు. నాకు వచ్చిన కోడ్‌కు పెట్రోలుతో ఏ సంబంధమూ లేదు. అది నాకు తర్వాత తెలిసింది, వాళ్ళకు మాత్రం ముందే తెలిసి ఉండాలి. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ చేశారు, ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నారు, లైటు ఆర్పి పంపారు. మళ్ళీ వెలిగింది. చివరికి "ఇక ఈసీఎం మార్చాల్సిందే" అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నలభై వేలు దాటింది. ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు.

ఇక్కడ కాస్త ఆగి, ఈ లైటు ఎలా పని చేస్తుందో రాయాలి, ఎందుకంటే దీన్ని తెలియకుండా ఉంచడమే చాలామందికి వ్యాపారం.

ఈ ఏర్పాటు పేరు ఓబీడీ, ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్. అమెరికాలో 1996 నుంచి అమ్మే ప్రతి కారుకూ ఓబీడీ-2 తప్పనిసరి చేశారు. పదహారు పిన్నుల సాకెట్టు ఒకటి స్టీరింగ్ కింద ఉంటుంది, ఏ కంపెనీ కారైనా అదే ఆకారం. మన దేశంలో బీఎస్-4 తో పాటు 2010లో మొదటి దశ, 2013 నుంచి రెండో దశ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక నిఘా ఇంకా కఠినమైంది. 2023 నుంచి బైకులకూ ఓబీడీ-2 వచ్చింది కాబట్టి, కారు లేదు కదా నాకెందుకులే అనుకునేవాళ్ళు కూడా చదవండి, రేపు మీ బండి మీటర్లోనూ ఇదే బొమ్మ వెలుగుతుంది. దీని అసలు ఉద్దేశం మన ఇంజిన్‌ను కాపాడటం కాదు, సైలెన్సర్లోంచి వచ్చే పొగ హద్దు దాటకుండా చూడటం. పొగకు సంబంధించిన ఏ భాగంలో తేడా వచ్చినా లైటు వేస్తుంది, లోపల ఒక కోడ్ రాసుకుంటుంది.

కోడ్ మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేరుబాక్సు వైపు. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. అదే 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్, బయట దొరికే చవక స్కానర్‌కు దాని అర్థం తెలియకపోవచ్చు. నాకు వచ్చింది పి0135. అన్ని కంపెనీలకూ ఒకటే అర్థమున్న కోడ్. దాని పూర్తి అర్థం మొదటి ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం అని. సర్క్యూట్ అన్నాడు, సెన్సార్ అనలేదు చూడండి. సర్క్యూట్ అంటే ఫ్యూజు, రిలే, వైరు, కప్లరు (వైర్లను కలిపే ప్లగ్గు), ఎర్తు, చివరికి సెన్సారు లోపలి హీటరు, ఇన్ని ఉంటాయి. ఇల్లెక్కడండీ అంటే బోసు రోడ్డులో అని చెప్పినట్టు, కోడ్ వీధి వరకే చెబుతుంది, ఆ వీధిలో ఏ గడపో వెళ్ళి చూసుకోవాల్సింది మనిషే. సర్వీస్ సెంటరు కుర్రాడు వీధి మొదట్లో కనపడిన తలుపే కొట్టి బిల్లు రాశాడు.

ఇంకో సంగతి. లైటు "ఆరింది" అంటే బాగైనట్టు కాదు. స్కానర్‌తో కోడ్ కొట్టేస్తే, అంటే తుడిచేస్తే, లైటు అప్పటికప్పుడు ఆరిపోతుంది, లోపం అలాగే ఉంటుంది. చాలా లోపాలకు కంప్యూటరు ఒకసారి చూసి లైటు వెయ్యదు, వరసగా రెండో ప్రయాణంలోనూ అదే కనపడితే అప్పుడు వేస్తుంది. అంటే కోడ్ కొట్టేసి తాళాలు చేతికిస్తే మనం సంతోషంగా ఇంటికొస్తాం, ఒకటి రెండు రోజులు హాయిగా తిరుగుతాం, ఈలోపు బిల్లు కట్టేసి ఉంటాం. నిజంగా బాగైతే కోడ్ కొట్టక్కర్లేకుండానే, వరసగా మూడు ప్రయాణాల్లో లోపం కనపడకపోతే కంప్యూటరే లైటు ఆర్పేస్తుంది. ఈ ముక్క ఏ సర్వీస్ అడ్వైజరైనా మీకు చెప్పాడా? నాకైతే చెప్పలేదు.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి ఉంటుంది. లోపం పట్టుకున్న ఆ క్షణంలో స్పీడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత అన్నది కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది. వెతికేవాడికి అంతకంటే ఏం కావాలి? ఇంజిన్ వేడెక్కాక వస్తోందా, గతుకుల్లో వస్తోందా, చల్లగా ఉన్నప్పుడా అన్నది దాన్ని బట్టి ఊహించొచ్చు. కోడ్ కొట్టేస్తే అదీ పోతుంది. నా బండికి ప్రతిసారీ ముందు కోడ్ కొట్టేసి తర్వాత ఆలోచించారు.

ఇక విజయవాడ ఆటోనగర్ సంగతి. మా బావమరిదికి అక్కడ లారీల స్పేర్ పార్టుల కొట్టుంది. ఈసీఎం ఎస్టిమేట్ చూపిస్తే నవ్వి "ఆ నలభై వేలు నీ దగ్గరుంచు బావా, ముందు నాతో రా" అని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకెళ్ళాడు. అరవై దాటిన పెద్దాయన, షెడ్డు కూడా సరిగ్గా లేదు, ఒక రేకు, దాని కింద రెండు బ్యాటరీలు, ఒక టేబులు ఫ్యాను. స్కానర్ ఆయన దగ్గరా ఉంది, కోడ్ చూశాడు, చూసి పక్కన పెట్టేశాడు. "పాత సెన్సారు ఉందా బాబూ?" అన్నాడు. డిక్కీలో ఉంటే ఇచ్చాను. దానికి నాలుగు వైర్లు. అందులో ఒకే రంగువి రెండు ఉంటాయి, అవి హీటరువట. సెన్సారు త్వరగా వేడెక్కి పని మొదలుపెట్టాలని లోపల చిన్న హీటరు పెడతారు, దాదాపు మూడు వందల డిగ్రీల పైన గానీ అది సరిగ్గా పని చెయ్యదు. ఆ రెండు వైర్లకు మల్టీమీటరు పెట్టాడు. కొద్దిపాటి ఓంలు చూపించింది. "ఇది బతికే ఉంది కదయ్యా, దీన్నెందుకు మార్చారు?" అన్నాడు. నేనేం చెప్పను.

తర్వాత కొత్త సెన్సారు కప్లరు ఊడదీసి, తాళం ఆన్ చేయమని, కారు వైపు పిన్నులో మీటరు పెట్టాడు. పన్నెండు వోల్టులు. బాగానే ఉంది. నేను నిరుత్సాహపడ్డాను గానీ ఆయన కదల్లేదు. ఎడమ చేత్తో మీటరు పట్టుకుని కుడి చేత్తో వైరింగ్‌ను కప్లరు దగ్గర నుంచి వెనక్కి జానెడు జానెడు చొప్పున పట్టుకుని ఊపుకుంటూ వెళ్ళాడు. గేరుబాక్సు పైన వైర్లు వంగే చోట చెయ్యి పడగానే మీటరు పన్నెండు నుంచి సున్నాకు పడింది, వదిలితే మళ్ళీ పన్నెండు. అక్కడ నల్ల టేపు విప్పితే, ఒక వైరు తొడుగు గీరుకుపోయి, లోపలి రాగి పోగులు రెండో మూడో పట్టుకుని ఉన్నాయి, మిగతావి తెగి ఆకుపచ్చ చిలుము పట్టాయి. పళ్ళ గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎలుక. బానెట్ కింద కొబ్బరి పీచు, పల్లికాయ తొక్కలు కూడా బయటపడ్డాయి. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ రెండు పోగులూ తగులుతూ ఉంటాయి, గతుకుల్లో ఊగితే వదిలేస్తాయి. అందుకే సర్వీస్ సెంటర్లో నిలబెట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, తెనాలి వచ్చే దారిలో లైటు వెలుగుతుంది.

వైరు కోసి, కొత్త ముక్క వేసి టంకం పెట్టి, పైన తొడుగు తొడిగి హీట్ గన్‌తో బిగించి, టేపు చుట్టి, నాలుగు వందలు తీసుకున్నాడు. కోడ్ కొట్టమంటే "ఎందుకు, దానంతటదే పోతుంది, పోతే బాగైనట్టు" అన్నాడు. పోయింది. దసరా పోయి సంక్రాంతి వెళ్ళింది, మళ్ళీ వెలగలేదు.

నేను చెప్పొచ్చేది ఎలుకల గురించి కాదండి. ఎలుక ఎక్కడైనా కొరుకుతుంది. నలభై వేల ఎస్టిమేట్ రాసినవాడి దగ్గర లక్షలు పోసి కొన్న కంపెనీ స్కానర్ ఉంది, ఆ బండి వైరింగ్ డయాగ్రం ఉంది, ఆ కోడ్ వస్తే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అని కంపెనీయే వరసగా రాసిచ్చిన పట్టిక ఉంది. ఆ పట్టికల్లో సెన్సారు మార్చడం అన్నది చివరి మెట్టు, ముందు ఫ్యూజు, వైరు, వోల్టేజీ చూడమనే ఉంటుంది. అవన్నీ ఉండి మల్టీమీటరు ఒక్కటి బయటికి తియ్యలేదు. తియ్యడానికి వాళ్ళకు తీరిక లేదు, అవసరమూ లేదు. నాకు తెలిసిన కుర్రాడొకడు అలాంటి చోటే పని చేసి మానేశాడు, అతని మాటల్లోనే చెప్పాలంటే పార్టు మారిస్తే బిల్లవుతుంది, గంటసేపు వైరు వెతికితే బిల్లు కాదు, పైగా రోజుకిన్ని బళ్ళు బయటికి పంపాలని పైనుంచి ఒకటే టెన్షన్. కుర్రాళ్ళను తిట్టి లాభం లేదు, ఆ పద్ధతి అలా పెట్టారు.

ఊహించి పార్టు మార్చారు, ఊహ తప్పింది, ఆ ఊహ ఖర్చు నాదా వాళ్ళదా? నా ప్రశ్న ఇంతే. సెన్సారు డబ్బు వెనక్కి అడిగితే గోడకు వేలాడుతున్న బోర్డు చూపించారు, ఎలక్ట్రికల్ పార్టులకు రిటర్న్ లేదట. పాత సెన్సారు బాగుందని మీటరు పెట్టి చూపిస్తానంటే "బయటి మెకానిక్ చెప్పింది మేం తీసుకోలేం సార్" అన్నారు. బాగుంది వరస.

అలాగని బయటి మెకానిక్‌లంతా ఆ పెద్దాయన లాంటివాళ్ళని చెప్పడం లేదు. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ డొంగిల్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది, దాన్ని పెట్టి కోడ్ చదివి, ఇంటర్నెట్‌లో అర్థం చూసి, "క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, తీసేసి ఖాళీ పైపు వేద్దాం" అనేవాళ్ళున్నారు. సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే ఆ కన్వర్టర్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, తీసినదాన్ని ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు. డీజిల్ బళ్ళకు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) జామ్ కావడం మొదలైతే హైవే మీద మంచి స్పీడులో ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపితే లోపలి మసి చాలావరకు కాలిపోతుంది, ఆ మాట చెప్పకుండా ఏకంగా కోసేద్దాం అంటారు. మా పక్కింటాయన డీజిల్ కారు పొద్దున మార్కెట్టుకూ సాయంత్రం బ్యాంకు కాలనీకీ తప్ప ఎక్కడికీ వెళ్ళదు, మసి కాలేంత వేడి దానికి ఎప్పుడు వస్తుంది? అమ్మినవాడు ఆ ముక్క చెప్పి అమ్మాలి కదా, మీరు ఊళ్ళోనే తిరుగుతారు, మీకు డీజిల్ వద్దు అని. ఎందుకు చెబుతాడు!

ఇంకొందరున్నారు, రెండు వందలు తీసుకుని లైటు ఆర్పేస్తారు. పాత కార్లు అమ్మేవాళ్ళకు వీళ్ళు దేవుళ్ళు. కొనేవాడు వచ్చే ముందు కోడ్ కొట్టేస్తే మీటరు తళతళలాడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. కోడ్ కొట్టేసినప్పుడు రెడీనెస్ మానిటర్లు, అంటే కంప్యూటరు తన పరీక్షలు పూర్తి చేసిందా లేదా అని రాసుకునే లెక్క, కూడా చెరిగిపోతాయి, మళ్ళీ పూర్తి కావడానికి కొన్ని రోజులు రకరకాలుగా బండి నడవాలి. స్కానర్ పెట్టి చూస్తే కోడ్‌లు లేవు, కానీ మానిటర్లు చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే, నిన్నో మొన్నో ఎవరో తుడిచేశారన్న మాట, లేదా బ్యాటరీ తీశారన్న మాట. ఎందుకు తుడిచారో అడగండి.

న్యూజెర్సీలో ఉండే మా చిన్నాన్న కొడుకుతో ఈ గొడవంతా చెబితే, అక్కడ ఈ లైటు వెలుగుతూ ఉంటే బండి ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిల్ చేసేస్తారన్నాడు. ముందే కోడ్ కొట్టేసి తీసుకెళ్తే మానిటర్లు రెడీగా లేవని వెనక్కి పంపుతారట. అక్కడ స్పేర్ పార్టుల షాపుల్లో కోడ్ ఉచితంగా చదివి కాగితం చేతికిస్తారు. ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోయినా అక్కడ లైటు వెలుగుతుంది, అదీ కాగితం మీద తెలిసిపోతుంది. క్యాటలిటిక్ కన్వర్టరుకూ ఇంజిన్ కంప్యూటరుకూ 8 ఏళ్ళు లేదా 80 వేల మైళ్ళ వారంటీ అక్కడ కేంద్ర చట్టంలోనే ఉంది. వాళ్ళకూ ఈ లైటుతో చిరాకులున్నాయి, ఊహించి పార్టులు మార్చే వర్క్‌షాపులు అక్కడా ఉన్నాయన్నాడు, కానీ కాగితం మాత్రం చేతిలో ఉంటుంది. మన దగ్గర? లైటు వెలుగుతూ ఉండగానే పొల్యూషన్ సర్టిఫికెట్‌కు బండి పెట్టాను, సైలెన్సర్లో గొట్టం పెట్టి, నంబరు ప్లేటు ఫోటో తీసి, పాస్ అని కాగితం ఇచ్చారు. పొగను పట్టుకోవడానికే పెట్టిన లైటును పొగ పరీక్ష చేసేవాడు చూడనే చూడడు. ఇక జనం దాని మీద స్టిక్కర్ అంటించుకుని తిరుగుతున్నారంటే ఎవరిని తప్పు పట్టాలి?

అంటించకండి. లైటు నిలకడగా వెలుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు, కంగారు లేదు. కానీ ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం మిస్‌ఫైర్, అంటే సిలిండర్లో పెట్రోలు సరిగ్గా మండటం లేదన్న మాట, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్లోకి వెళ్ళి దాన్ని కాల్చేస్తుంది. స్పీడ్ తగ్గించి పక్కన ఆపడమే మంచిది. స్టిక్కర్ వేసుకున్నవాడికి ఈ తేడా ఎలా కనపడుతుంది?

ప్రభుత్వానికి ఇవేమీ తెలియవని కాదు. 2011లో ఒక ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) విచారణ చేసి, 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. నేరం ఏమిటంటే విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా తమ డీలర్ల దగ్గరే పెట్టుకున్నారని. అవి బయట దొరికేలా ఏర్పాటు చేయమని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు పైకి వెళ్ళాయి, 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ మూడు కంపెనీలకు జరిమానా తగ్గించింది, తప్పు మాత్రం తప్పే అంది. మిగతావాళ్ళు కోర్టుల్లో పోరాడుకున్నారు. పదేళ్ళు దాటింది, ఆటోనగర్ పెద్దాయన దగ్గర మా బండి వైరింగ్ డయాగ్రం ఇప్పటికీ లేదు, జానెడు జానెడు వైరు ఊపుకుంటూ వెళ్ళింది అందుకే. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) అని కమిటీ వేసి, డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, ఇంటి వస్తువులతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. మంచిదే, కానీ చట్టం లేని పోర్టల్‌లో ఎవరికి ఇష్టమైనంత వాళ్ళు పెడతారు, మెకానిక్‌కు కావాల్సిన వైరింగ్ డయాగ్రం, కంపెనీ సొంత కోడ్‌ల అర్థాలు అందులో ఉంటే గదా ఉపయోగం. అమెరికాలో మసాచుసెట్స్ జనం 2012లో ఓటేసి మరీ కార్ల రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు ఇవ్వాలని చట్టం తెచ్చుకున్నారు, 2020లో బండి నుంచి వైర్‌లెస్‌గా వెళ్ళే సమాచారం మీద మళ్ళీ ఓటేశారు. మనం ఓటేసేటప్పుడు ఇవి ఎవరికి గుర్తొస్తాయి, అది వేరే సంగతి.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కాదు. లైటు వెలిగిందని బండి తెస్తే, ఏదీ తుడవక ముందు తీసిన స్కాన్ రిపోర్టు, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా, జాబ్ కార్డుకు జత చేసి కస్టమరుకు ఇవ్వాలి. పార్టు మార్చమని చెప్పేముందు ఏ పరీక్ష చేశారు, ఎంత వోల్టేజీ వచ్చింది, ఎన్ని ఓంలు వచ్చాయి అన్నది ఒక్క లైను రాయాలి. అదే కోడ్ మూడు నెలల్లో మళ్ళీ వస్తే ఆ పార్టు డబ్బు వాపసు ఇవ్వాలి, బోర్డు తీసి అవతల పారెయ్యాలి. వెతికినందుకు గంటకింత అని చార్జి వేసుకోనివ్వండి, నేను సంతోషంగా ఇస్తాను, ఆటోనగర్ పెద్దాయన నాలుగు వేలు అడిగినా ఇచ్చేవాణ్ణి. అలాగే మీటరు పక్కన పది అంగుళాల స్క్రీన్ పెట్టారు, అందులో సినిమా పాటలు, మ్యాపు, వెనక కెమెరా, టైర్లలో గాలి అన్నీ కనపడతాయి. అదే బండిలో ఉన్న కోడ్ మాత్రం కనపడదు! ఐదక్షరాల కోడ్, పక్కన ఒక వాక్యం చూపించడానికి ఏ టెక్నాలజీ అడ్డొచ్చిందో కంపెనీ ఇంజినీర్లు మీ పేజీలోనే జవాబు రాస్తే చదవాలని ఉంది. తెలుగులో అక్కర్లేదు, ఇంగ్లీషులోనైనా చూపించండి చాలు.

అప్పటి వరకు పాఠకులు చేయగలిగింది ఉంది. కోడ్ తుడిచే ముందు స్క్రీన్ ఫోటో తీసుకోండి, తియ్యనివ్వకపోతే జాబ్ కార్డు మీద కోడ్ నంబరు రాయించుకోండి. మార్చిన పాత పార్టు అడిగి తెచ్చుకోండి, అది మీదే, నా దగ్గర పాత సెన్సారు లేకపోతే అది బాగుందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. "సెన్సార్ పోయింది" అంటే "వైరింగ్ చూశారా, ఎంత వోల్టేజీ వచ్చింది?" అని ఒక్క మాట అడగండి, అడిగితే అవతలివాడి ముఖం చూడండి. వానాకాలంలో బానెట్ ఎత్తి ఒకసారి తొంగి చూసుకోండి, కొబ్బరి పీచు కనపడితే ఎలుక కాపురం పెట్టినట్టే, ఎలుక కొట్టిన వైర్లకు వారంటీ సాధారణంగా ఇవ్వరు. బిల్లు విషయంలో అన్యాయం జరిగితే 1915 కు ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు.

నేను చేశాను. ఫిర్యాదు నమోదయ్యాక సర్వీస్ సెంటరు నుంచి ఒకమ్మాయి చాలా మర్యాదగా ఫోన్ చేసి, వచ్చే సర్వీసుకు లేబరు మీద ఇరవై శాతం డిస్కౌంట్ ఇస్తాం సార్, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అంది. డిస్కౌంట్ వద్దమ్మా, బతికున్న సెన్సారు తీసి చచ్చిందని చెప్పి పట్టుకున్న డబ్బు ఇవ్వండి, రాతపూర్వకంగా జవాబివ్వండి అన్నాను. మేనేజరు గారితో మాట్లాడి చెబుతానంది. ఆయన ఇంకా మాట్లాడలేదు. మరో రెండు వారాలు చూసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఏమైందో మళ్ళీ రాస్తాను, వేసుకుంటే సంతోషం.

ఇట్లు
ఒక పాఠకుడు, తెనాలి